బిడ్డ తింటలేదు: ఏం గమనించాలె, ఏం చేయాలె

దసరా సెలవులకు హనుమకొండ హాస్టల్ నుంచి బిడ్డ ఇంటికొస్తే మొదట వినబడే మాట "గింత బక్కగైనవేందే, మెస్సుల తిండి మంచిగలేదా?" తప్పంతా మెస్సు మీదికి పోతుంది. నేనెరిగిన ఒక పిల్ల సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలు తానే చేసి ఇంటిల్లిపాదికీ పంచింది. ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు. "ఒక్కపొద్దున్న" అన్నది. ఆ వారంలో అది నాలుగో ఒక్కపొద్దు.

సమస్య: తినకుండా సాకులు చెబుతున్నది, బక్కపడుతున్నది

అన్నం గెలికి పక్కకు నెడుతుంది. వదులు బట్టలేస్తుంది. ఎండాకాలంలో కూడా చలి అంటుంది. జుట్టు ఊడుతుంది, నెలసరి ఆగిపోతుంది. ఎముకలు తేలినా "లావుగున్న" అంటుంది.

కారణం: ముందు థైరాయిడ్, టీబీ, షుగర్, పేగు జబ్బులు కావని పరీక్షలతో తేల్చుకోవాలె. అవి కాకుంటే అనోరెక్సియా నెర్వోసా కావచ్చు. ఇది మొండితనం కాదు, బరువు పెరుగుతానన్న భయం. వంశంలో ఉండొచ్చు. అన్నీ పక్కాగా ఉండాలనుకునే స్వభావం, ఆందోళన, డైటింగ్ దానికి దారి తీస్తాయి. పెండ్లిలో చుట్టాలు నవ్వుతూ "బొద్దుగైనవ్" అన్న మాట కూడా ఒక్కోసారి చాలు. మగపిల్లలకు రాదనుకోవద్దు, జిమ్ముకు పోతున్నడులే అని వాళ్లను ఎవరూ పట్టించుకోరు, అంతే.

పరిష్కారం: సైకియాట్రిస్టు, ఫిజీషియన్ ఇద్దరూ చూడాలె. బీపీ, ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ పరీక్షలు తప్పనిసరి. చాలా రోజులు పస్తున్న ఒంటికి ప్రేమ కొద్దీ ఒక్కసారే కడుపు నిండా పెడితే ఫాస్ఫేట్ పడిపోయి గుండెకే ముప్పు వస్తుంది. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అందుకే ఎంత పెట్టాలె, ఎట్లా పెంచాలె అన్నది డాక్టరే చెప్పాలె. టీనేజీ పిల్లలకు బాగా పనిచేసేది కుటుంబ ఆధారిత చికిత్స: కొన్నాళ్లు తిండి బాధ్యత తల్లిదండ్రులదే. పక్కన కూసోని, వేళకు తినిపిస్తారు. నెలలు పడుతుంది.

అమ్మమ్మ "గాలి సోకింది" అని తాయెత్తు కడతానంటే కట్టనియ్యుండ్రి. దవాఖానకు పోవుడు మాత్రం ఆపొద్దు.

సమస్య: బాగానే తింటది, తినంగనే బాత్రూంకు పోతది

బరువు మామూలుగానే ఉంటుంది, అందుకే ఇది ఏండ్లకేండ్లు దాగుతుంది. చెంపలు చెవుల కింద ఉబ్బుతాయి, పండ్ల మీది ఎనామిల్ అరుగుతుంది. ఒక్కోసారి మొదట పసిగట్టేది పండ్ల డాక్టరే.

కారణం: బులీమియా నెర్వోసా. 1979లో జెరాల్డ్ రసెల్ అనే సైకియాట్రిస్టు దీనికి ఈ పేరు పెట్టిండు. ఆగలేక తినడం, తర్వాత సిగ్గుతో కక్కేయడం. పదే పదే కక్కితే పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది.

పరిష్కారం: బాత్రూంకు తాళమేస్తే గుట్టు ఇంకింత పెరుగుతుంది. ఆలోచనల మీద, తిండి అలవాట్ల మీద పనిచేసే సీబీటీ అనే కౌన్సెలింగ్ మేలు. ఫ్లూయోక్సెటిన్ మాత్ర కూడా సాయపడుతుంది, కానీ సైకియాట్రిస్టు రాస్తేనే.

సమస్య: పగలంతా పస్తు, రాత్రి ఒంటరిగా ఆపుకోలేనంత తిండి

కక్కడం లేకుంటే బింజ్ ఈటింగ్ డిజార్డర్ కావచ్చు. 2013లో డీఎస్ఎం-5 (అమెరికా సైకియాట్రిస్టుల సంఘం తెచ్చిన మానసిక రుగ్మతల పుస్తకం) దీన్ని విడి రుగ్మతగా గుర్తించింది. డైట్ మీద డైట్ పెట్టొద్దు, అదే మళ్లీ ఎగదోస్తుంది. మూడు పూటలా వేళకు తినడంతోనే చికిత్స మొదలవుతుంది.

ఆగకుండా ఎప్పుడు ఉరకాలె?

కండ్లు తిరిగి పడిపోయినా, గుండె దడదడలాడినా, వాంతిలో రక్తం కనబడినా, నీళ్లు కూడా ముట్టకున్నా, చస్తానన్నా 108కి ఫోన్ చేయుండ్రి, లేదా నేరుగా వరంగల్ సర్కారు దవాఖాన ఎంజీఎం క్యాజువాలిటీకి పోండ్రి. అంత అత్యవసరం కాకుంటే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయుండ్రి. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంట్లో పళ్లెం ముందట "ఎంత తిన్నవ్" అని లెక్కలు తీయొద్దు, "మొఖం నిండింది" అని మెచ్చుకోనూ వద్దు. ఆ పిల్లకు అది "లావైనవ్" అన్నట్టే వినబడుతుంది. మీరూ పక్కన కూసోని తినుండ్రి. ముచ్చట ఎనుమాముల మార్కెట్ల పత్తి రేటు మీదికి మళ్లించుండ్రి.