సన్నటి పూల టాటూ: సూది దిగకముందే చూసుకోవాల్సినవి

గులాబీ నడుమ చుట్టలు చుట్టుకుని ఉండే చిన్న రేకులున్నాయి చూశారా, నలుపు-గ్రే టాటూ ముందుగా చెడేది అక్కడే. కాగితం మీద ఒక్కో మడతకీ ఒక్కో గీత పెడితే ముద్దొస్తుంది. చర్మంలో గీత అంత సన్నగా ఉండిపోదు. ఇంకు పైపొర కింద, సుమారు ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున చేరుతుంది. అక్కడి రోగనిరోధక కణాలు దాన్ని మింగి పట్టుకుంటాయి. ఒక కణం చచ్చి వదిలేసిన రంగును పక్క కణం అందుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ గీత లావెక్కుతుంది. అరమిల్లీమీటరు ఎడంతో గీసిన రెండు గీతలు కలిసిపోయి, పువ్వు నడుమ నల్లటి ముద్ద మిగులుతుంది.

అందుకే డిజైన్ ఖాయం చేసేముందు దాన్ని అసలు సైజులోనే ప్రింట్ తీసి గోడకు అంటించండి. రెండడుగులు వెనక్కి వేసి చూడండి. రేకులు లెక్కపెట్టలేకపోతున్నారంటే గీతలు ఎక్కువైనట్టే. సైజైనా పెంచాలి, గీతలైనా తగ్గించాలి. నేనైతే ముందు గీతలే తీసేయమంటాను. బయటి అయిదు రేకులు, లోపల మూడు మడతలు ఉంటే చాలు, అది గులాబీ అని ఎవరికైనా తెలుస్తుంది. ఆకు ఈనెలన్నీ గీయక్కర్లేదు, నడి ఈనె ఒక్కటి ఉంచండి.

గ్రే అంటే చాలావరకు పలచన చేసిన నల్ల ఇంకే. తెలుపు మీ చర్మమే. కాబట్టి రేకుల అంచుల్లో ఇంకు తగలని ఖాళీ వదలమని ముందే చెప్పండి. మానాక గ్రే ఇంకా పలచబడుతుంది. చామనఛాయ, నలుపు ఒంటి మీద మరీ లేత గ్రే దాదాపు కనబడదు, ఎందుకంటే చర్మపు సొంత రంగు ఇంకు పైన ఉంటుంది. అక్కడ రేకు కిందా ఆకు చాటునా చిక్కటి నలుపు పడితేనే పువ్వు పైకి లేస్తుంది. మీ ఛాయ ఉన్నవాళ్ల మీద వేసి, ఏడాది దాటిన టాటూల ఫొటోలు అడగండి. అప్పుడే వేసిన టాటూ ఫొటో చూసి మోసపోకండి.

స్టెన్సిల్ (సూది దిగకముందు డిజైన్‌ను చర్మం మీదకి దింపే అచ్చు) పెట్టేటప్పుడు చెయ్యి చాపి కాదు, మామూలుగా వదిలేసి నిలబడండి. అరచేయి పైకి పెట్టినప్పుడు నిటారుగా ఉన్న కాడ, చెయ్యి తిప్పగానే వంకర పోతుంది. నచ్చకపోతే తుడిచి మళ్లీ పెట్టమనండి, మొహమాటం వద్దు. పుట్టుమచ్చ మీద రేకు రానివ్వకండి. రేపు ఆ మచ్చలో మార్పొస్తే డాక్టరుకు కనబడాలి. వేళ్లు, పాదాల అంచులు రాపిడికి త్వరగా వెలిసిపోతాయి, సన్నటి పనికి అవి వద్దు.

ఇంకును పలచన చేసే నీళ్ల గురించి తప్పక అడగండి. 2011 చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో టాటూ వేయించుకున్న 19 మందికి చర్మంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. కారణం ముందే నీళ్లు కలిపి అమ్మిన గ్రే ఇంకు. డిస్టిల్డ్ వాటర్ అన్నంత మాత్రాన అందులో సూక్ష్మజీవులు లేవని కాదు, స్టెరైల్ అని రాసి ఉండాలి. సూది ప్యాకెట్ మీ కళ్లముందే విప్పాలి.

గాయం మానినచోట చర్మం ఉబ్బి గట్టిపడే కీలాయిడ్ తత్వం ఉంటే, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందు డాక్టరును కలవండి. మాత్రలు సొంతంగా ఆపకండి. ఎండకు కమిలిన చర్మం మీద వేయించుకోకండి. టాటూ వేయించుకున్నాక రెండు నుంచి నాలుగు వారాలు ఈత కుదరదు, తేదీ దాన్నిబట్టే పెట్టుకోండి.