బొమ్మల సినిమా చూడటం నేర్చుకుందాం – 4వ పాఠం: హీరో దేన్ని వదిలాడు?

పోయిన పాఠంలో ఒక చిన్న పని ఇచ్చాను. 'ఫైండింగ్ నీమో' చూసి, నోటుబుక్కులో ఒక పేజీకి నడుమ గీత గీయమన్నాను. ఎడమ పక్కన తండ్రి చేప ఏం కోరుకుంటున్నాడో, కుడి పక్కన అతనికి నిజంగా ఏం కావాలో రాయమన్నాను. ఈ వారం సినిమాల్లో పాటల గురించి చెప్పుకోవాల్సింది. మీ పేజీల ఫొటోలు చూశాక పాటల్ని వచ్చే వారానికి జరిపాను.

ఎడమ పక్క అందరూ సరిగ్గానే రాశారు. కొడుకు క్షేమంగా ఉండాలి, ఇల్లు దాటి పోకూడదు. తకరారు కుడి పక్కనే. చాలామంది అక్కడ "తల్లిదండ్రుల మాట వినకపోతే కష్టాలు తప్పవు" అని రాశారు. మిర్యాలగూడ నుంచి ఒక టీచరమ్మ దాని కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు కూడా కొట్టారు. దేవరకొండ నుంచి ఒక తండ్రి ఇలా రాశారు: "ఈ సినిమా చూసినప్పటి నుంచి మావాడు సైకిల్ మీద రోడ్డెక్కడం మానేశాడు సార్, బాగా పనిచేసింది." అది చదివి నాకు రెండు రోజులు మనసులో మనసు లేదు. ఎందుకంటే ఆ సినిమా ఉన్నది ఆ పిల్లాడి పక్షాన.

తప్పు మీ ఒక్కరిదే కాదు, పాఠం అడిగిన తీరులో కూడా ఉంది. "నిజంగా ఏం కావాలి" అని అడిగి వదిలేశాను. ఆ జవాబు ఎక్కడ దొరుకుతుందో చెప్పలేదు. ఇవాళ అదే చెప్తాను.

ముందు నీమో సంగతి తేల్చుకుందాం. 2003లో వచ్చిన సినిమా, దర్శకుడు ఆండ్రూ స్టాంటన్. మొదట్లోనే ఒక పెద్ద చేప దాడి చేస్తుంది. తండ్రి చేప మార్లిన్ భార్య పోతుంది, వందల గుడ్లు పోతాయి, చిన్న పగులుతో ఒకే ఒక్క గుడ్డు మిగులుతుంది. దాన్ని పొదివి పట్టుకుని, నీకేమీ కానివ్వను అని మార్లిన్ మాటిస్తాడు. ఆ మాటే అతనికి సంకెల అవుతుంది. కొడుక్కి ఒక రెక్క చిన్నది. బడికి పోయే మొదటి రోజే తండ్రికి టెన్షన్. అక్కడ నలుగురి ముందు నీకు ఈత రాదన్నట్టు మాట్లాడతాడు. కొడుక్కి రోషం వచ్చి పడవ దగ్గరికి పోయి దొరికిపోతాడు. మాట వినకపోవడం అనేది ఉంది, కాదనను. సినిమా అక్కడే ఆగిపోతే మీరు రాసింది నూటికి నూరు పాళ్లు నిజం.

కానీ ఆ తర్వాత సముద్రమంతా ఈదుకుంటూ పోయేది ఎవరు? తండ్రి. ప్రతి మలుపులో ఎవరినో ఒకరిని నమ్మాల్సి వచ్చేది ఎవరికి? తండ్రికే. ఇక చివర్లో వల సీను చూడండి. దారిలో మార్లిన్‌కు తోడైన చేప డోరీ, దానితో పాటు బోలెడు చేపలు వలలో చిక్కుకుంటాయి. చిన్నవాడు కాబట్టి నీమో ఒక్కడే వల కన్నాల్లోంచి లోపలికి దూరగలడు. నేను లోపలికి పోయి అందరినీ కిందికి ఈదమని చెప్తాను అంటాడు. మార్లిన్ ముందు కుదరదంటాడు. కాసేపు కొడుకు మొహంలోకి చూసి, సరే, నీవల్ల అవుతుందంటాడు. ఆ క్షణంలో మార్లిన్ వదిలింది మొదటి సీనులో ఇచ్చుకున్న మాటని. "నీకేమీ కానివ్వను" అనే పట్టు అక్కడ సడలింది. పెద్దల మాట వినడమే ఈ సినిమా చెప్పే సంగతైతే నీమో వలలోకి పోకూడదు, డోరీ బతకకూడదు. మీ కుడి పక్క వాక్యాన్ని ఈ సీను ముందు పెట్టి చూడండి, నిలబడదు.

కాబట్టి ఈ పాఠంలో పట్టుకోవాల్సింది ఒకటే: మొదటి సీన్లలో హీరో దేన్ని గట్టిగా పట్టుకున్నాడు, చివరి అరగంటలో దాన్ని ఎక్కడ వదిలాడు. ఆ వదిలిన చోటే సినిమా తన మాట చెప్తుంది. నా పద్ధతి చెప్తాను. రెండోసారి చూసేటప్పుడు మొదటి నుంచి చూడను. హీరో అన్నీ పోగొట్టుకుని కూలబడే సీను దగ్గర మొదలుపెడతాను. సాధారణంగా అది సినిమాలో ముప్పావు వంతు అయ్యాక వస్తుంది. అక్కణ్నుంచి చివరిదాకా చూసి, అప్పుడు వెనక్కి తిప్పి మొదటి పది నిమిషాలు చూస్తాను. మధ్యభాగం ఈ పనికి అంతగా అక్కరలేదు.

ఇక నన్ను విసిగించే ఉచ్చు గురించి. దీన్ని కాస్త సాగదీసే చెప్తాను, ఎందుకంటే మీ పేజీల్లో సగం (కొందరు నీమోతో పాటు వేరే సినిమాల మీదా రాశారు) ఇందులోనే పడ్డాయి. సినిమాలో ఎవరో ఒకరు ఒక చక్కటి మాట అంటారు. గోడ మీద రాసుకునేలా ఉంటుంది. మనం దాన్నే సినిమా మాటగా రాసేసుకుంటాం. ఈ అలవాటు బడిలో పడింది. ప్రతి కథ కింద "ఈ కథలోని నీతి ఏమిటి?" అని ఉండేది. జవాబు ఒక్క లైను, రెండు మార్కులు. కథ ఎంత పెద్దదైనా, అందులో ఎంతమంది ఏడ్చినా ఆ ఒక్క లైనుకు సరిపెట్టేవాళ్లం. సినిమా దగ్గర కూడా మన చెయ్యి అదే లైను వెతుకుతుంది.

'రాటటూయి' తీసుకోండి, 2007లో బ్రాడ్ బర్డ్ తీసింది. పారిస్‌లో ఒక పెద్ద వంటవాడు "ఎవరైనా వండగలరు" అని పుస్తకం రాసి పోతాడు. సినిమాలో ఈ మాట మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. అచ్చంపేట నుంచి ఒక తమ్ముడు దీన్ని "కష్టపడితే ఎవరైనా ఏదైనా సాధిస్తారు" అని మార్చి రాశాడు. తమ్ముడూ, ఆ సినిమాలో లింగ్వినీ అనే కుర్రాడున్నాడు కదా, అతనికి చివరిదాకా వంట వచ్చిందా? రాలేదు. వంటంతా చేసింది అతని టోపీలో దాక్కున్న ఎలుక. కుర్రాడు చివరికి వడ్డన పనిలో కుదురుకుంటాడు. మరి "ఎవరైనా" అన్న మాట ఏమైంది? సినిమానే దాన్ని దిద్దింది. గొప్ప వంటవాడు ఏ మూల నుంచైనా రావచ్చు అని ఒక విమర్శకుడు చివర్లో రాస్తాడు. అందరూ గొప్పవాళ్లవుతారని కాదు, గొప్పతనం ఎక్కడ పుట్టిందో చూసి తోసేయకూడదని.

ఆ విమర్శకుడి సీను ఒక్కటి ఆపి ఆపి చూడండి. ఏగో అతని పేరు. మనిషి ఎండిపోయినట్టు ఉంటాడు, రాతలతో హోటళ్లను మూయించే రకం. అతని ముందు పెట్టింది విందు భోజనం కాదు, పల్లెల్లో కూరగాయలతో చేసుకునే మామూలు వంటకం. మన దగ్గర జొన్నరొట్టె, పుంటికూర పెట్టినట్టు అనుకోండి. ఒక ముద్ద నోట్లో పెట్టుకోగానే అతనికి చిన్నప్పటి ఇల్లు కనిపిస్తుంది. దెబ్బ తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డ పిల్లాడు, పళ్లెం పెట్టే అమ్మ. తిరిగి హోటల్లోకి వచ్చేసరికి అతని చేతిలోని పెన్ను జారి నేల మీద పడుతుంది. పెన్ను అతని ఆయుధం. దాన్ని ఎవరూ లాక్కోలేదు, చెయ్యే వదిలేసింది. ఆ ఒక్క పెన్ను పడిన చప్పుడు ముందు పుస్తకం పేరు ఏపాటి?

'లయన్ కింగ్' గురించి ఎక్కువ చెప్పను. 1994 నాటిది, 2019లో మళ్లీ తీశారు. ఆ రెండోదానికి తెలుగులో హీరో సింహం సింబాకు నాని గొంతిచ్చారు. పిల్లలందరికీ నోటికొచ్చిన మాట "హకూనా మటాటా". స్వాహిలీలో ఏ ఇబ్బందీ లేదని అర్థం. "దేనికీ టెన్షన్ పడొద్దు" అని రాసినవాళ్లు ఆ పాట ఎప్పుడొచ్చిందో చూసుకోండి. తండ్రి చావుకు తనే కారణమనుకుని సింబా పారిపోయి దాక్కున్న రోజుల్లో అది వస్తుంది. అతను వదలాల్సింది ఆ పాటనే. వదిలాకే ఇంటి దారి పట్టాడు.

ఇప్పుడు ఒక్క సంగతి వివరంగా చెప్పాలి. మహబూబ్‌నగర్‌లో మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు కాలనీ పిల్లల్ని కూర్చోబెట్టి సినిమా వేస్తుంటాను. కోస్గి దిక్కు నుంచి వచ్చిన ఒక అవ్వ మనవణ్ని తీసుకుని వస్తుంది. వాడి తల్లిదండ్రులు దసరా కాగానే బిల్డింగు పనికి పుణె పోయారు. పాలమూరులో ఇది కొత్త కాదు, ఎన్ని ఇళ్లలో పిల్లలు అవ్వాతాతల దగ్గర పెరుగుతున్నారో మీకూ తెలుసు. ఆ రోజు వేసింది 'ఇన్‌సైడ్ ఔట్', 2015లో పీట్ డాక్టర్ తీసింది. పదకొండేళ్ల రైలీ సొంత ఊరు వదిలి శాన్ ఫ్రాన్సిస్కో పోవాల్సి వస్తుంది. ఆ పిల్ల తలలో ఉండే భావాలే ఇందులో మనుషులు. ఆనందం ఎప్పుడూ తనే ముందుండి నడపాలంటుంది, దుఃఖాన్ని దేన్నీ ముట్టుకోనివ్వదు.

నడుమ ఒక సీనుంది. రైలీ చిన్నప్పుడు ఊహించుకున్న స్నేహితుడు బింగ్ బాంగ్, ఒళ్లంతా పీచుమిఠాయి. వాడు దాచుకున్న రాకెట్ బండిని చెత్తలోకి తోసేస్తారు. ఆనందం వాడికి చక్కిలిగింతలు పెడుతుంది, వెక్కిరింపు మొహాలు పెడుతుంది. వాడు కదలడు. దుఃఖం మెల్లగా వచ్చి పక్కన కూర్చుంటుంది. నీకు ఇష్టమైనదాన్ని తీసుకుపోయారు కదా అంటుంది. వాడు దాని భుజం మీద ఏడుస్తాడు. ఏడ్చాక లేచి నిలబడతాడు.

ఆ సీను దగ్గర అవ్వ మనవడి కళ్లలో నీళ్లు. నేను వెంటనే "ఏం కాదురా, ఇంకో రాకెట్ వస్తదిలే" అన్నాను. అవ్వ నా వైపు చూసి "ఏడ్వనియ్యి సారూ" అంది. వాణ్ని దగ్గరికి లాక్కుని కొంగు కప్పింది. ఇంకేం అడగలేదు, వీపు నిమురుతూ కూర్చుంది. చాలాసేపటికి వాడు కొంగులోంచే "మా నాయిన గూడ గట్లనే బస్సెక్కిండు" అన్నాడు. బస్సెక్కిన రోజు నుంచి ఆ మాట వాడు ఎవరి ముందూ అనలేదని అవ్వ తర్వాత చెప్పింది.

ఆ సినిమా ఇంగ్లిష్‌లో నడుస్తోంది. అవ్వకు ఒక్క మాట అర్థం కాలేదు. అయినా సినిమా చివర జరిగేది ఆమెకు ముందే తెలిసినట్టయింది. చివర్లో ఆనందం తన చోటును దుఃఖానికి అప్పగిస్తుంది. బస్సు దిగి ఇంటికొచ్చిన రైలీ అమ్మానాన్నల ముందు ఏడుస్తుంది, వాళ్లు దగ్గరికి తీసుకుంటారు. మాటలు అన్నీ అర్థమైన నేను ఆనందం చేసిన పొరపాటే చేశాను. అప్పటి నుంచి నేను ఇలాంటి సీన్లను మొదట మ్యూట్ చేసే చూస్తున్నాను.

కొందరు ఇంకో ప్రశ్న అడిగారు: ఈ సినిమాల్లో తల్లో తండ్రో ఎందుకు అంత త్వరగా చనిపోతారని. 1942 నాటి 'బాంబీ' నుంచి ఉన్నదే. అండగా పెద్దవాళ్లుంటే పిల్ల తనంతట తను అడుగు వేయదు, కథ కదలదు. ఇంటికి దూరం కావడం, వేరుగా ఉన్నవాణ్ని కలుపుకోవడం, ఇవి కూడా పదే పదే వచ్చే అంశాలే. రెండో పాఠంలో చెప్పినవే కాబట్టి మళ్లీ రాయను.

ఈ వారం పనికి మూడు సాయంత్రాలు పడతాయి. 2009లో వచ్చిన 'అప్' చూడండి. ముసలాయన ఇంటికి బెలూన్లు కట్టి ఎగిరిపోయే సినిమా. మొదటి రోజు మామూలుగా, ఇంట్లో అందరితో చూడండి. రెండో రోజు మ్యూట్ చేసి, ఆయన కుర్చీలో కూర్చుని భార్య పుస్తకం తెరిచే దగ్గర మొదలుపెట్టి, ఇల్లు మళ్లీ గాల్లోకి లేచేదాకా చూడండి. ఆయన బయటికి తోసేసే సామాను ప్రతి ఒక్కటీ రాసుకోండి. చివర్లో రాతి మీద పక్కపక్కన మిగిలే రెండు కుర్చీలు మరవొద్దు. మూడో రోజు మొదటి పది నిమిషాలకు పోయి, ఆ సామాను ముందు ఎక్కడెక్కడ కనిపించిందో ఒక్కోదాని పక్కన రాయండి. అంతా అయ్యాక కుడి పక్కన ఒక్క వాక్యం. అందులో "ఉండాలి", "చేయాలి", "కూడదు", "నేర్చుకున్నాడు" అనే మాటలు రాకూడదు. వస్తే కొట్టేసి మళ్లీ రాయండి. అందుకే పెన్సిల్ వాడమంటాను.

సినిమా అయ్యాక పిల్లల్ని రెండు రోజులు ఏమీ అడగొద్దు. వాళ్లంతట వాళ్లు ఏదన్నా అంటే, అన్నది అన్నట్టు, వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. దేవరకొండ సార్, మీరు ఈ వారం 'అప్' జోలికి పోకండి. మీవాడితో కూర్చుని నీమో వల సీను ఒక్కటే మళ్లీ చూడండి, సౌండ్ తీసేసి. తర్వాత సైకిల్‌కి గాలి కొట్టించండి.