పని ఇచ్చేవారి కోసం లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ రాసుకోవడం ఎలా?

హనుమకొండలో ఉండి బియ్యం బస్తాలకు, విత్తనాల ప్యాకెట్లకు, కారంపొడి కవర్లకు డిజైన్లు చేసి ఇవ్వడం నా వృత్తి. నాలాగే సొంతంగా పని చేసుకునే ఆర్కిటెక్టులు, జీఎస్టీ కన్సల్టెంట్లు, వెబ్‌సైట్లు తయారుచేసేవారు మా ప్రాంతంలో ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది లింక్డ్‌ఇన్ ప్రొఫైళ్లు ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తుల్లా ఉంటాయి. ఉద్యోగం ఇచ్చేవారు మన చదువు, అనుభవం చూస్తారు. పని అప్పగించేవారు మాత్రం తమ ఇబ్బంది మనకు అర్థమవుతుందా, అలాంటి పని ఇంతకుముందు చేశామా, అడిగితే వచ్చి కలుస్తామా అని చూస్తారు. కాబట్టి ఒక్క అక్షరం మార్చేముందు, ఈ ప్రొఫైల్‌ను ఎవరు చదవాలని కోరుకుంటున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. ‘అందరూ’ అని రాస్తే ఏమీ రాయనట్టే.

ముందుగా దిద్దవలసింది పేరు కింద కనిపించే హెడ్‌లైన్. దీనికి 220 అక్షరాల వరకు చోటు ఉంటుంది గానీ, వెతికినప్పుడు, కామెంట్ల దగ్గర మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి. నా పాత హెడ్‌లైన్ ‘ఫ్రీలాన్సర్, గ్రాఫిక్ డిజైనర్, క్రియేటివ్ థింకర్’. అది చదివిన మిల్లు యజమానికి నాతో ఏం పనో తెలియదు. ఇప్పుడు ‘రైస్ మిల్లులకు, విత్తన కంపెనీలకు బస్తా, ప్యాకెట్ డిజైన్, ముద్రణ పూర్తయ్యేదాకా బాధ్యత నాదే, వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి’ అని పెట్టుకున్నాను. ఎవరికి, ఏ పని, ఎక్కడ అన్న మూడూ అందులో ఉన్నాయి. క్లయింట్లు వెతికేటప్పుడు వాడే మాటలనే వాడాలి. ‘విజువల్ కమ్యూనికేషన్ సొల్యూషన్స్’ అని ఏ మిల్లు యజమానీ వెతకడు.

ఊరి పేరు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. వరంగల్ అని రాస్తే చిన్న పనులే వస్తాయన్న భయంతో మనవాళ్లు హైదరాబాద్ అని పెట్టుకుంటారు. నేనూ మూడేళ్లు అలాగే పెట్టుకున్నాను. సుల్తానాబాద్‌లోని ఒక మిల్లు యజమాని నా ప్రొఫైల్ చూసి కూడా పనిని కరీంనగర్‌లో మరొకరికి ఇచ్చారని తర్వాత తెలిసింది. ముద్రణ నమూనా చూడటానికి పక్కన నిలబడే మనిషి ఆయనకు కావలసి వచ్చింది, హైదరాబాద్ నుంచి ఎవరు వస్తారని నన్ను అడగనేలేదు. నేనుంటున్నది ఆయన మిల్లుకు రెండు గంటల దూరంలోనే. ఆ రాత్రే ఊరి పేరు మార్చాను. మన ఊరిని దాచడం తప్పు మాత్రమే కాదు, నష్టం కూడా. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి ఎప్పుడు వస్తుందో, మిల్లులకు ఊపిరాడని నెలలు ఏవో తెలిసినవారికి ఆ తెలివిడే పెట్టుబడి.

మన గురించి రాసుకునే ‘అబౌట్’ భాగానికి 2,600 అక్షరాల దాకా అవకాశం ఉన్నా, మొదటి రెండు మూడు వరుసల తర్వాత మిగతాది మడతలోకి వెళ్లిపోతుంది. అందుకే ‘నాకు చిన్నప్పటి నుంచి బొమ్మలంటే ఇష్టం’ అని మొదలుపెట్టకుండా, చదివేవారి కష్టంతో మొదలుపెట్టాలి. నా మొదటి వరుసలు ఇలా ఉంటాయి (బీఓపీపీ అంటే బస్తా మీద అతికించే, బొమ్మ ముద్రించిన ప్లాస్టిక్ పొర; సిలిండర్ అంటే ఆ ముద్రణకు వాడే లోహపు రోలర్; ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు అంటే ఆహార లైసెన్సు నంబరు): ‘బీఓపీపీ బస్తా ముద్రించాలంటే ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ చెక్కించాలి. చెక్కించాక 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరులో ఒక్క అంకె తప్పని తేలినా ఆ సిలిండర్ ఖర్చు నీళ్లపాలే. ఆ తప్పు ముందే పట్టుకోవడం నా పని.’ ఆ దెబ్బ ఒకసారి తిన్న యజమాని ఈ మూడు వాక్యాలు చదివితే మిగతాది తప్పక తెరుస్తాడు. మీ వృత్తిలో అలాంటి దెబ్బ ఏదో మీకే తెలుసు. ఆ తర్వాత మీరు పని చేసే పద్ధతి, ఎన్ని రోజులు పడుతుంది, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, ఏ పనులు ఒప్పుకోరు అన్నవి స్పష్టంగా రాసి, ఎలా సంప్రదించాలో చెప్పి ముగించండి.

మాటలకు రుజువు, చేసిన పనులను పెట్టుకునే ‘ఫీచర్డ్’ భాగంలో చూపాలి. ఇరవై డిజైన్లు వేయడం కన్నా మూడు పనులు చాలు. కంప్యూటర్‌లో మెరిసే బొమ్మ కాకుండా, దుకాణంలో ఒకదాని మీద ఒకటి పేర్చిన బస్తాల ఫొటో పెట్టి, క్లయింట్ అడిగింది ఏమిటి, మీరు మార్చింది ఏమిటి, ఎందుకు మార్చారు అని నాలుగు వాక్యాలు రాయండి. క్లయింట్ అనుమతి లేకుండా ఏదీ పెట్టకూడదు. ఇంకా మార్కెట్‌లోకి రాని సరుకైతే అసలు అడగనే వద్దు.

రికమెండేషన్, అంటే మన పని గురించి క్లయింట్ మన ప్రొఫైల్ మీద రాసే మాట, అడిగేటప్పుడు ‘నా గురించి నాలుగు మంచి మాటలు రాయండి’ అంటే ‘మంచి పనిమంతుడు’ అని వస్తుంది, దానివల్ల ఉపయోగం లేదు. నేను ఇలా అడుగుతాను: ‘నమస్తే సార్, మొన్నటి బస్తా పనిలో మీకు ముందున్న ఇబ్బంది ఏమిటి, పని అయ్యాక ఏం మారింది అన్నది రెండు వాక్యాల్లో రాయగలరా?’ వచ్చినదాన్ని మీరు ఆమోదించాకే అది ప్రొఫైల్ మీద కనిపిస్తుంది. మన దగ్గర చాలామంది వ్యాపారులకు లింక్డ్‌ఇన్ ఖాతా ఉండదు. అలాంటివారు వాట్సాప్‌లో పంపిన మాటను, వారి అనుమతితో, ఫోన్ నంబరు కనబడకుండా చేసి ఫీచర్డ్‌లో పెట్టవచ్చు.

మిగతావి అరగంట పని. ముఖం స్పష్టంగా కనిపించే ఫొటో, 1584x396 పిక్సెళ్ల బ్యానర్‌లో మీ పని ఫొటో ఒకటి, ప్రొఫైల్ లింకు చివర అంకెలు తీసేసి మీ పేరు. ఫొటో చుట్టూ ఉద్యోగం వెతుక్కుంటున్నట్టు చెప్పే ఆకుపచ్చ పట్టీ ఉంటే తీసేసి, దాని బదులు అందించే సేవలను చూపే విభాగాన్ని నింపండి.

ప్రొఫైల్ సిద్ధమయ్యాక పదిహేను రోజులకు ఒక పోస్టైనా రాయాలి. 2022 జూలై 18న, 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్ బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చినప్పుడు, ఆ పన్ను పడకుండా చాలా మిల్లులు 26 కిలోల బస్తాకు మారాయి. బరువు అంకె ఒక్కటి మారితే ఏ సిలిండర్ మార్చాలి, ఏవి అలాగే ఉంచవచ్చు అన్నది ఆ రోజుల్లో ప్రతి మిల్లుకూ ఎదురైన ప్రశ్న. మీ రంగంలో ఇలాంటి మార్పు వచ్చిన వారంలోనే, దానికి జవాబును ఎవరికైనా అర్థమయ్యే మాటల్లో రాసి పెట్టండి. కొత్తవారికి కనెక్షన్ పంపేటప్పుడు కూడా ధరల పట్టిక పంపవద్దు. వారి బస్తా ఎక్కడ చూశారో, అందులో మీకు నచ్చింది ఏమిటో ఒక వాక్యం రాయండి. జవాబు వస్తే ఆ రోజే ఫోన్ చేసి, మిల్లుకు ఎప్పుడు రమ్మంటారో అడగండి.