ఛాతీ నొప్పి కేసు: త్రాంబొలైసిస్‌కు ముందు రెండు చేతుల బీపీ చూడండి

క్యాజువాలిటీకి ఛాతీ నొప్పితో వచ్చేవాళ్లలో అయోర్టిక్ డిసెక్షన్ (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని అయోర్టా లోపలి పొర చీలడం) అరుదు. కానీ దాన్ని గుండెపోటు అనుకుని త్రాంబొలైసిస్ (రక్తపు గడ్డ కరిగించే) ఇంజెక్షనో, గడ్డ కట్టనివ్వని హెపారినో ఇస్తే రక్తస్రావమై ప్రాణం మీదికి వస్తుంది.

నొప్పి ఎలా మొదలైందో ముందు అడగండి. గుండెపోటు నొప్పి ఎక్కువగా మెల్లగా పెరుగుతుంది. డిసెక్షన్ నొప్పి మొదలైన క్షణంలోనే పతాక స్థాయిలో ఉంటుంది, వీపుకో నడుముకో పాకవచ్చు. పుస్తకాల్లో ఉన్నట్టు 'చీల్చినట్టు' అని అందరూ చెప్పరు. 'పొడిచినట్టు' అనేవాళ్లూ ఎక్కువే. పాత బీపీ, మార్ఫాన్ (పుట్టుకతో వచ్చే కణజాల బలహీనత), గుండె వాల్వ్ జబ్బు, ఇంట్లో ఎవరికైనా ఇలా అయిందా అన్నవి కూడా కనుక్కోండి.

తర్వాత రెండు చేతుల బీపీ. సిస్టాలిక్‌లో (బీపీ పై అంకెలో) 20కి మించి తేడా ఉంటే అనుమానం బలపడుతుంది. తేడా లేనంత మాత్రాన జబ్బు లేదనుకోకండి. ఫెమొరల్ పల్స్ (గజ్జల్లో నాడి) చూడండి, కొత్త డయాస్టాలిక్ మర్మర్ (గుండె సడలే వేళ వినిపించే అదనపు శబ్దం) ఉందేమో వినండి. నొప్పితో పాటు ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయినా ఇదే గుర్తుకు రావాలి.

అసలు ఉచ్చు ఈసీజీలో ఉంది. చీలిక కుడి కరోనరీ (గుండెకు రక్తమిచ్చే ధమని) మొదలు దాకా పాకితే 2, 3, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ భాగం గుండెపోటులోలాగే లేస్తుంది, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో కనిపించే ట్రోపోనిన్ కూడా పెరుగుతుంది. ఎక్స్‌రే మామూలుగా ఉండొచ్చు.

రిస్కు ఉన్న చరిత్ర, నొప్పి తీరు, పరీక్షలో దొరికినవి: ఒక్కోదానికి ఒక మార్కు. 0 లేదా 1 వచ్చి, డీ-డైమర్ (రక్తపు గడ్డ కరిగినప్పుడు పెరిగే పదార్థం) 500 నానోగ్రాములు/మి.లీ. లోపుంటే డిసెక్షన్ దాదాపు కాదనుకోవచ్చు. 2 గానీ 3 గానీ వస్తే డీ-డైమర్ కోసం ఆగకుండా సీటీ యాంజియోకు (రక్తనాళాలు చూపే స్కాన్‌కు) పంపండి. ఛాతీ నుంచి పెల్విస్ దాకా తీయించండి. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) రిపోర్టు కోసం కూర్చోవద్దు.

మందుల్లో వరుస ముఖ్యం. ఫెంటానిల్‌తో నొప్పి తగ్గించండి. ఆపై గుండె వేగం, బీపీ తగ్గించే లేబెటలాల్ 20 మి.గ్రా. 2 నిమిషాల్లో ఐవీ, అవసరమైతే 10 నిమిషాలకోసారి 40–80, మొత్తం 300 మించకుండా. గుండె వేగం 60 లోపు, సిస్టాలిక్ 100–120 మధ్య ఉండాలి. వేగం అదుపులోకి రాకుండా, రక్తనాళాలు వదులుచేసే నైట్రోప్రసైడ్ పెడితే గుండె ఇంకా పరుగెత్తి చీలిక పెరుగుతుంది. ఆస్తమా ఉంటే డిల్టియాజెమ్. బీపీ ఎక్కువ చూపే చేతినే నమ్మండి.

బీపీ పడిపోయిన రోగికి ఇవేవీ వద్దు: సెలైన్ ఎక్కిస్తూ, ఎకోలో టాంపొనేడ్ (గుండె చుట్టూ రక్తం చేరి నొక్కడం) ఉందేమో చూసి సర్జన్‌ను పిలవండి.

అయోర్టా ఆరోహణ భాగం (గుండె నుంచి పైకి వెళ్లేది) చీలితే టైప్ ఏ, వెంటనే ఆపరేషన్. గంట గంటకూ మరణ ప్రమాదం పెరుగుతుంది. టైప్ బీ (ఆ భాగం చీలనిది) అయితే మందులే. పేగులకో కాళ్లకో రక్తం అందకపోయినా, నొప్పి తగ్గకపోయినా స్టెంట్ గ్రాఫ్ట్ (ధమని లోపల అమర్చే గొట్టం). రెఫర్ చేసేటప్పుడు ఇన్ఫ్యూజన్ ఆపకండి, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఇచ్చి ఉంటే చీటీలో రాయండి.