ఇంటి ట్యాంకులో మొక్కలు, 4వ పాఠం: అనూబియాస్‌కు చోటు

పోయిన పాఠం చదివి చేపల ట్యాంకులో అనూబియాస్ అనే నీటిమొక్క నాటినవాళ్లలో చాలామంది ఒకేరకం ఫోటో పంపారు. ఆకు పచ్చగానే ఉంది, కాడతో సహా ఊడి నీళ్లమీద తేలుతోంది. "తిరుపతి బోరు నీళ్లు దీనికి పడవా?" అని అడిగారు. నీళ్లు బాగానే పడతాయి. నాటిన తీరు చూడాలి.

అనూబియాస్ ఆకులన్నీ అడ్డంగా పాకే ఒక లావుపాటి కాడ మీంచి మొలుస్తాయి. అదే రైజోమ్. పసుపు కొమ్ములు పాతే అలవాటు మనకుంది కాబట్టి కొమ్ములా కనబడగానే ఇసుక కప్పేస్తాం. పొలంలో గుల్లమట్టిలో గాలి ఆడుతుంది, పసుపు బతుకుతుంది. ట్యాంకు అడుగున ఇసుకలో ప్రాణవాయువు తక్కువ, కప్పిన రైజోమ్ మెత్తబడి కుళ్లిపోతుంది. పశ్చిమ ఆఫ్రికా వాగుల్లో ఈ మొక్క రాళ్లనూ చెట్ల వేర్లనూ పట్టుకుని పెరుగుతుంది. సగం కప్పినా, పైపైన కప్పినా ప్రమాదమే. వేర్లు ఇసుకలోకి దిగనివ్వండి, రైజోమ్ పూర్తిగా బయట ఉండాలి. రైజోమ్ ఉన్న మరో ట్యాంకు మొక్క జావా ఫెర్న్‌కూ ఇంతే.

ఈరోజే బయటికి తీసి వేలితో నొక్కి చూడండి. మెత్తబడినంత మేరా బ్లేడుతో కోసేయండి. గట్టిగా ఉన్న ముక్కకు రెండు ఆకులు మిగిలినా చాలు, రాయికి కట్టండి. నేనైతే గ్రానైట్ ముక్కే వాడతాను. చిత్తూరు వైపు రాయి కోసే యూనిట్ల దగ్గర దొరుకుతుంది, నీటి గుణం మార్చదు. గరుకు వైపు పైకి పెట్టండి. వేరే రాయైతే వెనిగర్ చుక్క వేయండి, నురగ వస్తే వాడొద్దు. కట్టడానికి నల్ల నూలుదారం చాలు. సూపర్‌గ్లూ కూడా పట్టుకుంటుంది, కానీ ఆ తెల్లమచ్చ నాకు నచ్చదు.

ఇక చోటు. సరిగ్గా లైటు కింద వద్దు. దీని ఆకు నెలల తరబడి ఉంటుంది, వెలుగెక్కువైతే నాచు దానిమీదే పేరుకుంటుంది. పెద్దరాయి నీడలో, ఫిల్టర్ నీరు మెల్లగా తగిలే పక్కన పెట్టండి.

క్రిప్టోకొరైన్ అనే మరో ట్యాంకు మొక్క పెట్టి, దాని ఆకులు కరిగిపోయినవాళ్లు దాన్ని పీకొద్దు. చోటు మారినప్పుడు అది ఆకులు వదిలేసి, వేర్ల నుంచి మళ్లీ చిగురిస్తుంది.

అభ్యాసం: ఆరోగ్యంగా ఉన్న ఒక రైజోమ్‌ను, ఒక్కోదానికి నాలుగు ఆకులైనా ఉండేలా, రెండుగా కోయండి. ఒకటి నీడలో, ఒకటి లైటు కింద. ఆరు వారాలపాటు ప్రతి ఆదివారం కొత్త ఆకులెన్ని, నాచు ఎంత అన్నది రాయండి. ఈలోగా రెంటినీ కదపొద్దు.