మోసిన్ నాగాంట్ రైఫిల్‌కు పట్టిన గ్రీజు వదిలించడం ఎలా?

సోవియట్ గిడ్డంగుల్లో దశాబ్దాల పాటు నిల్వ ఉండి అమెరికా చేరిన పాత సైనిక రైఫిల్ మోసిన్ నాగాంట్ 91/30 ముదురు పాకం లాంటి గ్రీజు ఓడుతూ చేతికొస్తుంది. ఏ గ్రీజైనా అక్కడందరూ కాస్మొలిన్ అనే అంటారు. పైపైన తుడిచేసి రేంజికి (కాల్పులు సాధన చేసే చోటికి) పట్టుకెళ్తే కొన్ని రౌండ్లకే బోల్టు (తూటాను లోపలికి నెట్టి వెనక నుంచి మూసే కడ్డీ) బిగుసుకుపోతుంది. ఇక చెక్క సుత్తితో బోల్టు పిడి మీద బాదుడు మొదలు. ఆ బిగుపు చాలావరకు ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక చివర తూటా కూర్చునే గదిలో) మిగిలిన గ్రీజు వల్లే వస్తుంది.

కావలసినవి: మినరల్ స్పిరిట్స్ (పెయింటు పల్చన చేసే ద్రావకం) ఒక గ్యాలను, నైట్రైల్ గ్లౌజులు, పాత బనియన్ గుడ్డలు, టూత్‌బ్రష్, గన్ ఆయిల్, 20 గేజ్ షాట్‌గన్‌కు వాడే కంచు బ్రష్. పని ఆరుబయటే చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. పెట్రోలు జోలికి అసలు పోవద్దు.

రైఫిల్ ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూసి, వేలు పెట్టి కూడా చూడండి. ట్రిగ్గర్ నొక్కిపట్టి బోల్టును వెనక్కి లాగేయండి. బ్యారెల్ కింది క్లీనింగ్ రాడ్‌ను, బ్యారెల్ చుట్టూ ఉన్న పట్టీలను తీసి, రెండు స్క్రూలు విప్పితే కర్ర, ఇనుము వేరవుతాయి. ఇనుప భాగాలను స్పిరిట్స్‌లో అరగంట నానబెట్టి తోమండి. బోల్టును పూర్తిగా విప్పాల్సిందే. లోపలి స్ప్రింగు చుట్టూ గ్రీజు ఉంటే ఫైరింగ్ పిన్ను (తూటా అడుగును గుద్ది పేల్చే సూది) బలంగా తగలదు, తూటా పేలదు.

సలసల కాగే నీళ్లు పోసే పద్ధతి నాకు ససేమిరా నచ్చదు. గ్రీజు కరిగినట్టే కరిగి సందుల్లో మళ్లీ గడ్డకడుతుంది, తడి ఇనుముకు నిమిషాల్లో తుప్పు పడుతుంది.

ఇక అసలు పని ఛాంబర్. బ్యారెల్‌లో గుడ్డ తెల్లగా వచ్చిందని సంబరపడొద్దు. సన్నటి గుడ్డ బ్యారెల్‌కు సరిపోతుంది గానీ, దానికంటే వెడల్పైన ఛాంబర్ గోడలను తాకనే తాకదు. అక్కడ ఎండిన గ్రీజు తేనె రంగు పొరలా అంటుకుని ఉంటుంది. కాల్చిన వేడికి అది మెత్తబడి ఖాళీ కేసును (తూటా పేలాక మిగిలే లోహపు తొడుగును) జిగురులా పట్టేస్తుంది.

ఛాంబర్‌లో స్పిరిట్స్‌తో తడిపిన గుడ్డ కుక్కి గంటసేపు వదిలేయండి. తర్వాత కంచు బ్రష్‌ను క్లీనింగ్ రాడ్ ముక్కకు బిగించి, డ్రిల్‌కు తగిలించి, వెనక వైపు నుంచే లోపలికి పెట్టి నెమ్మదిగా ఒక నిమిషం తిప్పండి. ఉక్కు బ్రష్ వాడితే గీతలు పడతాయి, ఆ గీతల్లోనే కేసు ఇరుక్కుంటుంది. బ్రష్ ఛాంబర్ దాటి ముందుకు పోకూడదు.

తుడిచి, బ్యారెల్ మూతి వైపు నుంచి టార్చి వేసి చూడండి. ఎక్కడైనా పసుపు మరక కనిపిస్తే మళ్లీ మొదటి నుంచే. మూడు సార్లు చేయాల్సి వచ్చినా ఆశ్చర్యం లేదు. బోల్టు చెవులు (బోల్టును బిగించి ఉంచే పక్క దిమ్మలు) కూర్చునే గాడిని కూడా వంకర బ్రష్‌తో గీకండి. దాన్ని దాదాపు అందరూ మరిచిపోతారు.

కర్రను పాత గుడ్డల్లో చుట్టి, నల్ల చెత్త సంచిలో పెట్టి ఎండలో ఉంచండి. గ్రీజు 50 డిగ్రీల దరిదాపుల్లో కరిగి బయటికి ఊరుతుంది, వేడి మీదే తుడిచేయాలి. ఆల్కహాల్ మాత్రం తగలనివ్వొద్దు, సోవియట్ కర్రల మీది లక్క పూత కరిగిపోతుంది.

బోల్టు మళ్లీ బిగించాక ఫైరింగ్ పిన్ను ముందుకు 0.075 నుంచి 0.095 అంగుళాల మధ్య పొడుచుకు రావాలి. తక్కువైతే పేలదు, ఎక్కువైతే ప్రైమర్‌కు (తూటా అడుగున మందును అంటించే చిన్న మూతకు) చిల్లు పడుతుంది. బ్యారెల్‌కు పల్చగా ఆయిల్ రాయండి. కాల్చబోయే ముందు బ్యారెల్, ఛాంబర్ రెండూ పొడిగా తుడవాలి.