లైపో బ్యాటరీ అడుగంటిపోకుండా చూసుకోవడం ఎలా

రిమోట్‌తో ఎగరేసే చిన్న విమానాలు, డ్రోన్లలో వాడే లిథియం పాలిమర్ బ్యాటరీనే లైపో అంటాం. నా మొదటి 3ఎస్ (మూడు సెల్స్ వరసగా కలిపింది) 2200 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్, ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత) ప్యాక్ ఎగరేస్తుండగా పోలేదు, ఇంట్లో బీరువా పక్కన పెట్టిన విమానంలోనే పోయింది. సాయంత్రం వానొచ్చేలా ఉందని గబగబా సర్దేసుకుని, ప్లగ్ తీయకుండా అలాగే తెచ్చి పెట్టేశాను. పొద్దున మల్టీమీటర్ పెట్టి చూస్తే ప్యాక్ మొత్తానికి కలిపి 4.1 వోల్టులు. విడివిడిగా చూస్తే 1.6, 1.3, 1.2.

లెక్క వేసుకుంటే ఇందులో వింతేమీ లేదు. విమానం దిగేసరికి ప్యాక్‌లో 20 శాతం ఉందనుకోండి, అంటే 440 ఎంఏహెచ్. స్పీడ్ కంట్రోలర్ (మోటారు వేగాన్ని నడిపేది), రిసీవర్ (రిమోట్ సంకేతాలు అందుకునేది), సర్వోలు (రెక్కల పలకల్ని కదిపే చిన్న మోటార్లు) ఏ పనీ చేయకుండా 60 మిల్లీ ఆంపియర్లు తాగుతున్నా ఏడు గంటల్లో అదంతా ఖాళీ. అందుకే ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒకటే: దిగగానే ప్లగ్ పీకండి, ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) ఆ తర్వాత ఆపండి. కంట్రోలర్‌కున్న స్విచ్ ఆపేశాం కదా అనుకోవద్దు, చాలా కంట్రోలర్లలో ఆ స్విచ్ రిసీవర్‌కి వెళ్లే కరెంటునే ఆపుతుంది, కంట్రోలర్ మాత్రం బ్యాటరీ నుంచి కొంచెం కొంచెంగా తీసుకుంటూనే ఉంటుంది.

ఇక అంకెలు. సెల్ నిండితే 4.2 వోల్టులు, దాచిపెట్టేటప్పుడు 3.8 నుంచి 3.85, ఎగురుతున్నప్పుడు అలారం మోగాల్సింది 3.5 దగ్గర, లోడ్ మీద (మోటారు గట్టిగా కరెంటు లాగుతున్నప్పుడు) కూడా 3.3 దాటి కిందికి పోనివ్వకూడదు, 3.0 అయితే అసలు ముట్టుకోకూడని గీత. 3.5 దాకా వోల్టేజీ మెట్లు దిగినట్టు నెమ్మదిగా దిగుతుంది, ఆ తర్వాత బావిలో పడ్డట్టే. "ఇంకొక్క రౌండ్ వేద్దాం" అనుకునేది సరిగ్గా అక్కడే కాబట్టి ఆ 3.5 విషయంలో మొహమాటం వద్దు.

అంత కిందికి దిగితే ఏమవుతుంది? సెల్ లోపల నెగెటివ్ వైపు పలుచని రాగి రేకు ఉంటుంది. వోల్టేజీ మరీ పడిపోతే ఆ రాగి కరిగి ఎలక్ట్రోలైట్‌లో కలవడం మొదలవుతుంది. మళ్లీ చార్జింగ్ పెట్టినప్పుడు అదే రాగి ఉండకూడని చోట పేరుకుని, లోపలే షార్ట్ అయ్యే దారి వేస్తుంది. అందుకే అడుగంటిపోయి "మళ్లీ లేచిన" ప్యాక్‌ను చూస్తే నాకు చచ్చిన ప్యాక్ కన్నా ఎక్కువ భయం.

ఇప్పుడు కాపలా సంగతి. మొదట కొనాల్సింది బ్యాలెన్స్ ప్లగ్‌కి (ఒక్కో సెల్ వోల్టేజీ విడిగా అందే చిన్న ప్లగ్) తగిలించే చిన్న బజర్. 3ఎస్ ప్యాక్‌కి బ్యాలెన్స్ ప్లగ్‌లో నాలుగు వైర్లుంటాయి, నల్ల వైరు బజర్ మీద మైనస్ గుర్తున్న పిన్ను వైపు రావాలి. పెట్టగానే గట్టిగా కూసి మొత్తం వోల్టేజీ, తర్వాత ఒక్కో సెల్‌ది చూపిస్తుంది. పైనున్న బుల్లి బటన్ నొక్కుతూ 3.5 దగ్గర ఆపండి. స్పీకర్ కన్నం ఫోమ్‌లో కూరుకుపోకుండా బయటి వైపుకి తిప్పి టేప్ వేయండి, లేకపోతే వంద అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు మీకు వినపడదు. ఇంకో మాట, ఆ బజర్ కూడా ప్యాక్ నుంచే కరెంటు తాగుతుంది, పైగా అన్ని సెల్స్ నుంచీ సమానంగా తీసుకోకపోవచ్చు. దిగాక దాన్నీ తీసేయండి.

కంట్రోలర్‌లో కట్ ఆఫ్ (వోల్టేజీ తగ్గితే మోటారుని ఆపే ఏర్పాటు) ఉందిగా, బజర్ ఎందుకు అంటారేమో. అది చూసేది మొత్తం వోల్టేజీనే. 10.2 వోల్టులు కనపడితే మూడుతో భాగించి సెల్‌కి 3.4 ఉందనుకుంటుంది. లోపల మాత్రం 3.6, 3.6, 3.0 ఉండొచ్చు. ఆ 3.0 సెల్‌ని మిగతా రెండూ కలిసి ఇంకా కిందికి లాగుతుంటాయి, బయటికేమీ తెలియదు. పాత ప్యాక్‌లలో ఇది మామూలే, అన్నిటికన్నా బలహీనమైన సెల్ ఎక్కడుందో దాన్ని బట్టే మీ ఆట నడవాలి. ఇంకో ఇబ్బంది ఉంది: చాలా కంట్రోలర్లు ప్లగ్ పెట్టినప్పుడు కనపడిన వోల్టేజీని బట్టే సెల్స్ ఎన్నో ఊహిస్తాయి. బాగా వాడేసిన 4ఎస్ ప్యాక్ 12.4 దగ్గర ఉంటే దాన్ని నిండు 3ఎస్ అనుకుని కట్ ఆఫ్‌ని చాలా కిందికి పెట్టేసుకుంటుంది. బాగా వాడేసిన ప్యాక్ మళ్లీ పెట్టేటప్పుడు ఇది గుర్తుండాలి. సెట్టింగ్‌లో లైపో మోడ్ ఎంచుకోండి, కట్ ఆఫ్ మెల్లగా తగ్గే రకం పెట్టుకోండి, గాల్లో మోటారు ఒక్కసారిగా ఆగిపోతే బ్యాటరీతో పాటు విమానం కూడా పోతుంది.

టైమర్ లేకుండా ఎగరేయొద్దు. నేను చేసే పద్ధతి చెప్తాను. నిండు ప్యాక్‌తో సరిగ్గా 5 నిమిషాలు మామూలుగా ఎగరేసి దింపండి. చార్జింగ్ పెట్టాక చార్జర్ ఎంత ఎక్కించిందో చూపిస్తుంది, 1300 ఎంఏహెచ్ అనుకుందాం. అంటే నిమిషానికి 260. 2200లో 80 శాతం 1760, దాన్ని 260తో భాగిస్తే ఆరు నిమిషాల ముప్పావు. నేనైతే ఆరుకే టైమర్ పెడతాను, గాలి ఎదురొచ్చిన రోజు ఆ ముప్పావు నిమిషం కావాలి. ప్యాక్ పాతబడ్డాక ఈ లెక్క మళ్లీ చేయాలి.

థ్రాటిల్ (రిమోట్ మీద మోటారు వేగం పెంచే పుల్ల) నిండా తోసినప్పుడు బజర్ ఒక్కసారి కూసి, తగ్గించగానే ఆగిపోతే కంగారు పడక్కర్లేదు, లోడ్‌కి వోల్టేజీ వంగి మళ్లీ లేచిందంతే. సగం థ్రాటిల్‌లోనే ఆగకుండా మోగుతుంటే మాత్రం ఇంకేం ఆలోచించకుండా దింపేయండి. దిగిన కాసేపటికి ఒక్కో సెల్ 3.7 నుంచి 3.75 మధ్య ఉంటే సరిగ్గా వాడినట్టు.

డ్రోన్‌లో బీటాఫ్లైట్ (డ్రోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకి హెచ్చరిక 3.5, కనిష్ఠం 3.3 అని ముందే పెట్టి ఉంటుంది, వాటిని తగ్గించొద్దు. కాకపోతే స్క్రీన్ మీద అంకెని ఒకసారి మల్టీమీటర్‌తో పోల్చి సరిచేసుకోండి, ఆ కొలత తప్పుంటే హెచ్చరిక కూడా తప్పే.

ఈఎస్‌పీ32 (మనం ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న చిప్) లాంటి బోర్డుకి ఒంటి సెల్ పెట్టేవాళ్లకి వేరే చిక్కు. టీపీ4056 చార్జింగ్ బోర్డు కొనేటప్పుడు బ్యాటరీకి రెండు, అవుట్‌పుట్‌కి విడిగా రెండు ప్యాడ్‌లు ఉన్నదే తీసుకోండి, రక్షణ చిప్ ఉండేది అందులోనే. ఆ చిప్ సాధారణంగా 2.4 వోల్టుల దగ్గరగానీ కట్ చేయదు, అది ఆఖరి తలుపు మాత్రమే. ప్రోగ్రామ్‌లోనే బ్యాటరీ వోల్టేజీ చదివి 3.4కి రాగానే డీప్ స్లీప్‌లోకి (చిప్ దాదాపు ఏ పనీ చేయని నిద్ర) పంపండి. ఈఎస్‌పీ32 నిద్రపోయినా బోర్డు మీద ఏఎంఎస్1117 రెగ్యులేటర్ (వోల్టేజీని దించి స్థిరంగా ఉంచేది) ఉంటే అదొక్కటే 5 మిల్లీ ఆంపియర్ల దాకా తాగుతుంది, కాబట్టి వారాల తరబడి వదిలేసేదైతే చిన్న స్విచ్ పెట్టి బ్యాటరీనే విడదీయండి.

వాడకపోతే చార్జర్‌లో స్టోరేజ్ మోడ్ పెట్టి 3.8కి తెచ్చి, ఎండ తగలని చోట ఉంచండి. కారు డిక్కీలో మన ఎండాకాలం అస్సలు వద్దు. నెలకోసారి సెల్స్ చూసి ప్యాక్ మీద అంటించిన కాగితం మీద తారీఖుతో రాసుకుంటే, ఏ సెల్ తనంతట తాను జారిపోతోందో రెండు మూడు నెలల్లో తెలిసిపోతుంది.

అప్పటికే అడుగంటిపోతే? 3.0 కింద కాస్తంత దిగి, అదే రోజు గమనించి ఉంటే, ఉబ్బు లేకపోతే, లైపో మోడ్‌లోనే సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో, అంటే 2200 ప్యాక్‌కి 220 మిల్లీ ఆంపియర్లతో, ఎదురుగా కూర్చుని ఎక్కించి చూడొచ్చు. 2.5 కిందికి పోయినా, రోజుల తరబడి అలా ఉండిపోయినా వదిలేయండి. నా ప్యాక్‌ని చార్జర్ తీసుకోనంటే ఒక షాపులో "నికెల్ మోడ్‌లో పెట్టి లేపు" అన్నారు, అది వేరే రకం బ్యాటరీలకి ఉన్న మోడ్ అయినా నేనూ పెట్టాను. పది నిమిషాలకి వేలితో నొక్కితే మెత్తగా తగిలింది, చూస్తుండగానే పూరీలా పొంగింది. వైర్లు పీకి, బయట ఇసుక బకెట్‌లో పెట్టి, ఒక గంట దూరంగా నిలబడ్డాను. ఆ పని మీరు చేయకండి. పోయిన ప్యాక్ ప్లగ్‌కి టేప్ చుట్టి, చెత్త బండికి కాకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.